నాలుగో తీగ ఇచ్చిన అక్కకు, ఇంకా మీ అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. పోయిన శనివారం చెల్లో (వయొలిన్ లాంటిదే, కూర్చుని వాయించే నాలుగు తీగల పెద్ద వాద్యం) కళాకారుడు జీగ్‌ఫ్రీడ్ పామ్ గురించి, చెల్లో మోకాళ్ల మధ్య పెట్టుకుని, వాయించి చూపిస్తూ మాట్లాడాను. గంట అనుకున్నది గంటా నలభై నిమిషాలు పట్టింది. ఒక్కరు కూడా మధ్యలో లేవలేదు. అప్పటి నుంచి "బాగా చేశావు" అని మెసేజ్‌లు వస్తున్నాయి. అందులో నా వంతు ఎంతో, వేరేవాళ్ల వంతు ఎంతో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

రాలేకపోయినవాళ్ల కోసం రెండు మాటలు. పామ్ 1927లో ఇప్పటి జర్మన్ నగరం వుప్పర్టాల్‌లో పుట్టారు, 2005లో పోయారు. హాంబుర్గ్ రేడియో ఆర్కెస్ట్రాలో పదిహేనేళ్లు ముందువరస చెల్లో ఆయనదే. 1962లో కొలోన్ వెళ్లి అక్కడి సంగీత కళాశాలలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు, పదేళ్లకు దానికి అధిపతి అయ్యారు. ఈ పనులన్నిటి మధ్యే, మిగతావాళ్లు "ఇది వాయించడం కుదరదు" అన్న రచనలను తీసుకుని వాయించి చూపించారు. స్వరకర్త లిగెటి చెల్లో కచేరీ రచనకు 1967లో బెర్లిన్‌లో తొలి ప్రదర్శన ఆయనదే. అందులో చెల్లో మొదటి స్వరం కింద ఎనిమిది 'పి'లు రాసి ఉంటాయి ('పి' అంటే మెల్లగా అని గుర్తు). అంటే వినబడుతోందా లేదా అన్నంత మెల్లగా మొదలవ్వాలన్నమాట. ఇంకో స్వరకర్త పెండెరెట్స్కీ అయితే 1968లో ఒక కప్రీచోకి (స్వేచ్ఛగా సాగే రచన) పామ్ పేరే పెట్టేశారు. అందులో బ్రిడ్జ్ (తీగలను పైకెత్తి పట్టే చెక్క ముక్క) అవతల కూడా బో (కమాను) నడుస్తుంది, చెక్క మీద వేళ్లు మోగుతాయి.

నాకు చిక్కు వచ్చింది క్వార్టర్ టోన్ల దగ్గర. స్వరకర్త త్సిమ్మర్‌మాన్ 1960లో చెల్లో ఒక్కదానికే రాసిన సోలో సొనాటాలో అవి కావాలి. అంటే అర్ధస్వరంలో (హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య తేడా) మళ్లీ సగం. చెల్లో తీగ పైచివర అర్ధస్వరానికి నాలుగు సెంటీమీటర్ల చోటు ఉంటుంది కాబట్టి అక్కడ ఎలాగో నెట్టుకొచ్చాను. ఒక స్థాయి పైకి వెళితే క్వార్టర్ టోన్‌కి మిగిలేది ఒక్క సెంటీమీటరు. రెండు వేళ్లు పక్కపక్కన పట్టవు. మూడు వారాలు టెన్షన్ పడ్డాను. చివరికి, పేరు చెప్పొద్దన్న ఒక పెద్దాయన వీడియో కాల్‌లో నాలుగు సాయంత్రాలు కూర్చున్నారు. రెండో వేలు పెట్టాలన్న ఆలోచనే మానుకోమన్నారు. ఒకే వేలిని గోరు వైపు నుంచి మెత్త వైపుకు దొర్లించమని, తన వేలు కెమెరాకి అంత దగ్గరగా పెట్టి చూపించారు. ఆ వేలి కొసన కాయకాసిన గీత ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. స్వరలిపి కాగితం మీది గుర్తు చూసి ఇది నాకు ఏ జన్మకీ తెలిసేది కాదు. అయ్యా, మీకు నమస్కారాలు.

కొత్త సంగీతం వాయించడం నేర్పడానికి పామ్ 1974లో ఒక అభ్యాసాల పుస్తకం తెచ్చారు. దాని ప్రతి ఇచ్చి, రెండు నెలలైనా తిరిగి అడగని మిత్రుడికి ధన్యవాదాలు. జర్మన్ వ్యాసాలు రాత్రిళ్లు నాకు చదివి అర్థం చెప్పిన చెల్లెమ్మకు కూడా.

ఇక అసలు సంగతి. స్వరకర్త జెనాకిస్ చెల్లో రచన 'నోమోస్ ఆల్ఫా'ని 1966లో బ్రెమెన్‌లో మొదట వాయించింది పామే. అందులో వాయిస్తూనే బిరడ తిప్పి, అన్నిటికన్నా మంద్రమైన నాలుగో తీగను, అంటే సి తీగను, ఒక స్థాయి కిందికి దించాలి. ఒక స్థాయి దిగితే కంపనాల వేగం సగమై, తీగ బిగువు నాలుగో వంతుకు పడిపోతుంది. తీగ తాడులా ఊగుతుంది, బో కాస్త బరువుగా పడినా గురగురమంటుంది. ఆ ఒక్క ముక్క వినిపించాలని పట్టుబట్టి రోజూ దించడం, ఎక్కించడం చేశాను. శుక్రవారం సాయంత్రం ఎక్కిస్తుండగా పైన గాడి దగ్గర తీగకు చుట్టిన సన్నని లోహపు తీగ విడిపోయి, టప్పున తెగింది. విడి తీగ నా దగ్గర లేదు. ముందే కొనిపెట్టుకోకపోవడం పూర్తిగా నా తప్పు.

అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. ఒక అక్కకు ఫోన్ చేశాను. ఆమె "ఎక్కడ దొరుకుతుంది?" అని కూడా అడగలేదు. తన చెల్లో మీద ఉన్న సి తీగనే విప్పి, చుట్ట చుట్టి, కవర్లో పెట్టుకుని వచ్చింది. తనే ఎక్కించింది. కొత్తగా ఎక్కించిన తీగ శ్రుతి నిలవదని, పదకొండున్నర దాకా పక్కనే కూర్చుని పదే పదే లాగి సరిచేసింది. శనివారం మీరు విన్న ఆ లోతైన ఊగుడు నాదం ఆమె తీగదే. ఆ రెండు రోజులూ ఆమె చెల్లో మూడు తీగలతో గోడకు ఆనుకుని ఉంది. అక్కా, ఆ రోజు నీకూ పాఠాలున్నాయని నాకు తర్వాత తెలిసింది.

నిన్న కొత్త తీగ తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. నాకిచ్చిన పాతది నా దగ్గరే ఉంచుకోమంది. ఉంచుకున్నాను. ఈ ఆదివారం నా విద్యార్థులిద్దరికి వేలు దొర్లించడం ఆ తీగ మీదే మొదలుపెడుతున్నాను.