నవల అయిపోయింది సరే, ఇక పాఠకుల సంగతి

ఒరేయ్ బావా,

నవల పూర్తయిందని రాశావు, సంతోషం. ఆ వెంటనే "వాట్సాప్ గ్రూపు పెట్టేస్తున్నా, ఫోన్లో ఉన్నవాళ్ళందరినీ కలిపేస్తా" అన్నావు చూడు, అక్కడ నా గుండె గుభేలుమంది. ఆ కలిపే కార్యక్రమం కాస్త ఆపు. కాఫీ పెట్టుకుని కూర్చుని ఇది చదివాక నీ ఇష్టం.

గ్రూపులో ఒకరి నంబరు అందరికీ కనపడుతుంది. నీ పాఠకుల్లో ఆడవాళ్ళు బోలెడుమంది ఉంటారు. ముక్కూమొహం తెలియనివాడెవడో విడిగా "గుడ్ మార్నింగ్ మేడమ్" అని మొదలెట్టాడంటే వాళ్ళు చప్పుడు చెయ్యకుండా గ్రూపులోంచి వెళ్ళిపోతారు, కారణం నీకు చెప్పరు. పైగా మూడోరోజుకి దేవుడి ఫొటోలూ, రాజకీయాలూ దిగుతాయి, నీ నవల వాటి అడుగున పడుతుంది. పోనీ ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్ళే బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెడదామా అంటే ఒక్కో లిస్టుకి 256 మందే. అందులోనూ నీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ చేరుతుంది. పంపాను కదా అని నువ్వనుకుంటావు, అక్కడ సగంమందికి అందనే అందదు. అందుకని కొత్త భాగం వచ్చిందని చెప్పడానికి వాట్సాప్ ఛానెల్ పెట్టు. అక్కడ ఎవరి నంబరూ ఇంకొకరికి కనపడదు. మాట్లాడాలనుకున్నవాళ్ళు నీకే విడిగా రాస్తారు.

ఇంకో పని, ఇది మాత్రం మానకు. ఒక ఎక్సెల్ షీటు తెరిచి పేరు, ఊరు, ఈమెయిలు, ఎక్కడ పరిచయం, ఎన్నో భాగం దాకా చదివారు, కొత్తవి పంపమన్నారా లేదా అని నిలువువరసలు పెట్టుకో. ఫేస్‌బుక్‌లో స్నేహితులు 5,000 దగ్గర ఆగిపోతారు. ఖాతా హ్యాక్ అయితే ఆ ఐదువేలూ పోతారు. ఏ యాప్ ఎప్పుడు నియమాలు మార్చుతుందో మన చేతిలో లేదు. ఆ షీటు ఒక్కటే నీది. అందులో 60 పేర్లుండి, ఆ 60 మందీ చివరి భాగం దాకా వచ్చినవాళ్ళే అయితే రెండువేల లైకుల మొహం చూడక్కర్లేదు. లైకు కొట్టినవాడు చదివాడని ఎవరు చెప్పారు?

సరే, బయటికి వదిలేముందు ఐదుగురి చేత చదివించు. చెల్లెమ్మని అందులో వెయ్యకు. పక్షపాతమని కాదు, నిజం చెప్తే రాత్రి అన్నంలో ఉప్పు గురించి నువ్వు తిరిగి అంటావని ఆవిడ భయం. ఐదుగురిలో ఇద్దరు అసలు రాయనివాళ్ళు, ఒకరు రాసేవాళ్ళు, ఒకరు కథ జరిగే ప్రాంతంవాళ్ళు, ఒకరు ఆ ప్రాంతం మొహం చూడనివాళ్ళు అయితే బాగుంటుంది. అందరికీ ఒకేసారి ఇవ్వకు. ముందు ముగ్గురికి ఇచ్చి, వాళ్ళు చెప్పింది దిద్దుకున్నాక మిగతా ఇద్దరికి ఇయ్యి. లేకపోతే ఐదుగురూ ఒకే తప్పు చూపిస్తారు, దిద్దినది సరిగ్గా కుదిరిందో లేదో చెప్పేవాడు మిగలడు.

"ఎలా ఉంది?" అని మాత్రం అడగకు. మనవాళ్ళ మర్యాదకి "చాలా బాగుందండి" తప్ప ఇంకో జవాబు రాదు. ఈ ఐదూ అడుగు: ఎక్కడ ఫోను పక్కన పెట్టేశారు? ఎవరిని చూసి ఎవరనుకున్నారు? ఎక్కడ పేరాలు దాటేసి చదివారు? సగంలో ఉన్నప్పుడు ముందేం జరుగుతుందనుకున్నారు? ఏ మాట ఆ మనిషి నోట్లోంచి రాదనిపించింది? ఇవి అభిప్రాయం అడిగే ప్రశ్నలు కావు, జరిగింది చెప్పమనే ప్రశ్నలు. కాబట్టి ఎవరికీ మొహమాటం ఉండదు. ముగ్గురు ఒకేచోట ఫోను పక్కన పెట్టారంటే తప్పు సాధారణంగా అక్కడ ఉండదు, దానికి రెండుమూడు పేజీల ముందు ఉంటుంది. అక్కడ వెతుకు. అలాగే వాళ్ళు చెప్పే మందు వేసుకోకు, రోగం ఎక్కడుందో అది మాత్రం విను. "ఈ పాత్రని చంపేయండి" అన్నారంటే ఆ పాత్రకి పని లేకుండా పోయిందని అర్థం.

గూగుల్ డాక్స్‌లో ఇస్తే వ్యాఖ్య రాసే అనుమతి ఒక్కటే ఇయ్యి. దిద్దే అనుమతి ఇచ్చావో, ఎవరో ఫోన్లో చూస్తూ బొటనవేలితో ఒక పేరా ఎత్తేస్తారు, ఇద్దరికీ తెలియదు. ఎత్తేసినా పాత ప్రతుల చరిత్రలోకి వెళ్ళి వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ పోయిందని తెలిస్తే కదా.

అక్షరాల గొడవ ఒకటుంది. నువ్వు డీటీపీ కుర్రాడిచేత పేజ్‌మేకర్లో అనూ ఫాంట్లలో కొట్టించానన్నావు. అది అచ్చుకి పనికొస్తుంది, నెట్టుకి రాదు. కాపీ చేసి పెడితే పిచ్చిగీతలు వస్తాయి. నెట్టుకి యూనికోడ్ అనే అక్షరాల పద్ధతి కావాలి. యూనికోడ్‌లోకి మార్చే పరికరాలున్నాయి గానీ, మార్చాక ఒత్తులు తారుమారవుతాయి, కొటేషన్ గుర్తులు ఇంకేదో అక్షరం అయిపోతాయి. మార్చిన ప్రతిని మొదటినుంచి చివరిదాకా బయటికి చదువుతూ దిద్దాలి, దగ్గరిదారి లేదు. ఇంకో చిన్న ముల్లు: "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలో ట్ తర్వాత కంటికి కనపడని విడదీసే అక్షరం ఒకటి ఉంటుంది. కొన్ని చోట్ల అతికించేటప్పుడు అది ఎగిరిపోయి, వ వెళ్ళి ట కింద ఒత్తుగా కూర్చుంటుంది. "హైదరాబాద్‌లో" కూడా అంతే. పెట్టాక ఒకసారి నీ ఫోన్లో, ఒకసారి వేరేవాళ్ళ పాత ఫోన్లో చూసుకో.

ప్రతిలిపి అనే కథల యాప్‌లో పెట్టినా ఫేస్‌బుక్‌లో పెట్టినా సీరియల్ నడిపే పద్ధతి ఒక్కటే. కనీసం 8 భాగాలు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టు. ఒక్కోటి 1,200 నుంచి 1,500 మాటలు. వారానికొక రోజు, ఒకే వేళ. ఆదివారం రాత్రి 9 మంచి వేళ: ఇక్కడ భోజనాలయ్యి ఉంటాయి, న్యూయార్క్‌లో చలికాలమైతే పొద్దున్న పదిన్నర, ఎండాకాలమైతే పదకొండున్నర, కాలిఫోర్నియాలో అప్పుడే కాఫీ వేళ. పేరాలు మూడునాలుగు వాక్యాలకి మించకుండా విరువు, ఎందుకంటే పుస్తకంలో అరపేజీ పేరా ఫోన్లో తెరంతా గోడలా నిలబడుతుంది. నవల మొత్తం ఉచితంగా ఇవ్వకూడదనుకుంటే ఆ సంగతి మొదటి భాగం కిందే రాయి: ఇరవై అయిదింట్లో ఎనిమిది ఇక్కడ, మిగతావి పుస్తకంలో అని. పన్నెండో భాగం దగ్గర చెప్పా పెట్టకుండా ఆపి "కొనుక్కోండి" అంటే ఎవరూ కొనరు, తిడతారు. తిట్టడం న్యాయమే.

ఇక కామెంట్లు. వారపత్రికల్లో సీరియళ్ళు నడిచే రోజుల్లో ఉత్తరాలని సంపాదకుడు జల్లెడ పట్టి వేసేవాడు, రచయితకి వడపోసిన నీళ్ళు దొరికేవి. ఇప్పుడు కాలవ నేరుగా నీ గుమ్మంలోకే. రాగానే జవాబు రాయకు. రోజుకొకసారి, అరగంట కూర్చుని అన్నిటికీ కలిపి రాయి. భాగం పెట్టిన మొదటి గంటలో మాత్రం అసలు చూడకు.

"సూపర్", "నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు?" అన్నవాటికి ఒక ముక్క చాలు. అచ్చుతప్పు చూపించినవాళ్ళకి దిద్ది, దిద్దానని చెప్పు, పేరుపెట్టి. తప్పు పట్టుకున్న మనిషి మిగతా నవలంతా కాపలా కాస్తూ చదువుతాడు, అలాంటివాడు డబ్బిచ్చినా దొరకడు. వాస్తవం తప్పని చెప్పేవాళ్ళు ఇంకా విలువైనవాళ్ళు. నీ కథ 2010లో నడుస్తూ ఎవరైనా "సిద్దిపేట జిల్లా" అన్నారనుకో, ఎవరో ఒకరు పట్టేస్తారు. అది 2016 అక్టోబరులో కదా జిల్లా అయింది, అప్పటిదాకా మెదక్. కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్లో వచ్చింది. 2005లో గోదావరి పుష్కరాల్లో మునకేయించావంటే రాజమండ్రివాళ్ళు నిన్నే ముంచుతారు, అవి 2003లో ఒకసారి, 2015లో ఒకసారి. ఇలాంటి చోట వాదించకు, "నిజమేనండి, దిద్దాను" అను, అయిపోతుంది. యాస గురించి వచ్చే మాటలు మాత్రం జాగ్రత్తగా చూడు. "ఇది మా కరీంనగర్ మాట కాదు" అని ఆ ఊరివాళ్ళంటే విని దిద్దుకో. "ఈ యాస చదవలేకపోతున్నాం, మామూలు తెలుగులో రాయండి" అని ఇంకో ఊరివాళ్ళంటే నవ్వి ఊరుకో.

నచ్చలేదన్నవాళ్ళ దగ్గర అందరూ జారిపడతారు. "మీకు అర్థంకాలేదు" అని రచయిత రాసిన మరుక్షణం అది నవల గురించిన చర్చ కాకుండా పోతుంది. చదివినందుకు ఒక నమస్కారం చాలు. అమెజాన్‌లోనూ గుడ్‌రీడ్స్‌లోనూ అయితే ఆ నమస్కారం కూడా వద్దు, పాఠకులు తమలో తాము మాట్లాడుకునే అరుగు అది, అక్కడికి రచయిత దిగితే మాట ఆగిపోతుంది. నీ స్నేహితులొచ్చి నచ్చలేదన్న మనిషి మీద పడితే మాత్రం నువ్వే ఆపాలి. కులం, మతం, ఇంట్లో ఆడవాళ్ళ ప్రస్తావన వచ్చిందంటే సంజాయిషీలు లేవు, తీసెయ్, బ్లాక్ చెయ్. అమెజాన్‌లో ఇంట్లోవాళ్ళచేత, దగ్గరి స్నేహితులచేత రివ్యూలు రాయించకు. వాళ్ళ నియమాలు ఒప్పుకోవు, తీసేస్తారు. నువ్వు నాకు ఐదు చుక్కలు, నేను నీకు ఐదు చుక్కలు అనే వాయనాలు కూడా అంతే.

వాయనాలంటే గుర్తొచ్చింది, తోటి రచయితలు. 40 మందిని ట్యాగ్ చేసి "మీ అమూల్యమైన అభిప్రాయం" అని అడిగేవాళ్ళలో నువ్వు చేరావంటే నేను పలకను. ఎవరి పోస్టు కిందా నీ లింకు పెట్టకు. దానికి బదులు వారానికి రెండు కథలు నిజంగా చదివి, "అద్భుతం" కాకుండా, ఫలానా వాక్యం ఫలానా పని చేసిందని నాలుగు లైన్లు రాయి. ఆర్నెల్లలో నీకు నలుగురు దొరుకుతారు. వాళ్ళతో రాతప్రతులు మార్చుకునేటప్పుడు లెక్క ముందే మాట్లాడుకో: ఒక్కో విడత 3,000 మాటలు, పది రోజులు, అవే ఐదు ప్రశ్నలు. హద్దు లేకపోతే వాళ్ళు నీకు మొత్తం నవల పంపుతారు, నువ్వు చదవలేవు, మొహం చాటేస్తావు, స్నేహం పోతుంది.

వెబ్ పత్రికలకి కథలు పంపే ఆలోచన ఉంటే అవి ముందు ఫేస్‌బుక్‌లో పెట్టకు. చాలా పత్రికల దృష్టిలో అది అచ్చయినట్టే లెక్క. 1998 నుంచీ నడుస్తున్న ఈమాటలో అయితే రచన సమీక్షకుల దగ్గరికి వెళ్ళి, మార్పుల సూచనలతో తిరిగొస్తుంది. కోపం తెచ్చుకోకుండా ఆ సూచనలు కూర్చుని చదువు. ఉచితంగా అంత శ్రద్ధగా నీ వాక్యం ఎవరు చూస్తారు చెప్పు? తిరిగొచ్చిన కథ గురించి గోడమీద ఏడవకు.

దొంగతనం సంగతి అడిగావు. రెండు రకాలు. టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లు ఒకటి, యూట్యూబ్‌లో నీ నవలని గొంతుతో చదివి పెట్టడం రెండోది. రెండోదాన్లో చాలామందికి అది తప్పని కూడా తెలియదు, "మీకే ప్రచారం కదా సార్" అంటారు. ముందు తేదీ కనపడేలా స్క్రీన్‌షాటు, లింకు దాచుకో. తర్వాత మర్యాదగా ఒక మెసేజ్, రెండు రోజుల గడువు. గొంతు బాగుంటే షరతులమీద ఒప్పుకోవచ్చు కూడా: శీర్షికలోనే నీ పేరు, కింద పుస్తకం లింకు, మొదటి మూడు భాగాలే. వినకపోతే యూట్యూబ్ కాపీరైట్ ఫారం నింపు. అందులో వెంటనే తీసెయ్యమనీ అడగొచ్చు, వాళ్ళకి 7 రోజులు గడువివ్వమనీ అడగొచ్చు. అవతలివాళ్ళు ఎదురు నోటీసిస్తే 10 పనిదినాల్లో కోర్టుకెళ్ళిన ఆధారం నువ్వు చూపించాలి, లేకపోతే వీడియో తిరిగొస్తుంది. ఇంకోటి, ఫారంలో అసలు పేరివ్వాలి, అది అవతలికి చేరే వీలుంది. కలంపేరు వెనక దాక్కున్నవాడివి, ఆలోచించుకో. హక్కు కోసం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణమే నీది, నీ తర్వాత 60 ఏళ్ళ దాకా. అయినా 500 రూపాయలే కనక చేయించుకుంటే గొడవల్లో సాక్ష్యంగా పనికొస్తుంది.

పుస్తకం వేసేటప్పుడు దానికిచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితమే, దళారికి డబ్బివ్వకు. ముందస్తు ఆర్డర్లకి గూగుల్ ఫారంలో పేరు, పిన్‌కోడుతో చిరునామా, ఫోను, ఎన్ని కాపీలు, యూపీఐ 12 అంకెల రిఫరెన్సు నంబరు అడుగు. స్క్రీన్‌షాటు ఒక్కటే తీసుకుంటే తలనొప్పి: డబ్బు భర్త ఖాతాలోంచి వస్తుంది, ఆర్డరు భార్య పేరుమీద ఉంటుంది, ఏది ఎవరిదో తేలదు. ధర చెప్పేముందు ఒక డమ్మీ కాపీ ప్యాక్ చేసి పోస్టాఫీసులో తూకం వేయించు. పుస్తకాలు తక్కువ ధరకి పంపే రిజిస్టర్డ్ బుక్‌పోస్టు 2024 డిసెంబరులో తీసేశాక, పాత లెక్కలతో ధర పెట్టినవాళ్ళు పోస్టేజీ చేతినుంచి వేసుకోవాల్సి వచ్చింది.

పాఠకులతో ఆన్‌లైన్‌లో కూర్చుని మాట్లాడాలని ఉబలాటపడుతున్నావు కదా, జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకి తెగిపోతుంది. అది మంచిదే. పరిచయాలకి 5, నీకు 5, మిగతాది వాళ్ళకి. అధ్యక్షుడూ, ముఖ్య అతిథీ వద్దు.

మొదటి మూడు భాగాలు యూనికోడ్‌లో పంపు, వ్యాఖ్య అనుమతితో. ఐదు ప్రశ్నలకీ జవాబులు పది రోజుల్లో నీ చేతిలో ఉంటాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు, ఉప్పు ఊసెత్తకు.

నీ
బావ