విజయవాడ భవానీపురం కాలనీ సంఘం 2024-25 వార్షిక నివేదిక: చిమ్నీ లెక్క, మేడ మీద దుమ్ము

సభ్యులందరికీ నమస్కారం.

ముందు మామూలు సంగతులు. మురుగు కాలువ పూడిక రెండుసార్లు తీయించాం. సంక్రాంతికి ముగ్గుల పోటీ జరిగింది, బహుమతుల దగ్గర ఎప్పటిలాగే చిన్న గొడవా జరిగింది. సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు పులిహోర పొట్లాలు, మంచినీళ్ళు పంపాం. ఆ నాలుగు రోజులూ పొయ్యి దగ్గర నుంచి కదలని ఆడవాళ్ళకు సంఘం రుణపడి ఉంది. జమాఖర్చుల పట్టిక ఈ నివేదికతో పాటే ఇస్తున్నాం.

ఈసారి ఎక్కువగా రాయాల్సింది దుమ్ము గురించి.

పొద్దున తుడిచిన మేడ సాయంత్రానికి బూడిద రంగుకు వస్తోందని, ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం మీద ఫిర్యాదు పెట్టాలని పోయినేడు తీర్మానం చేశాం. తీరా రాయడానికి కూర్చుంటే చేతిలో ఒక్క అంకె లేదు. అప్పుడే ఒక సభ్యుడి అమ్మాయి అమెరికా నుంచి ఫోన్లో చెప్పింది: అక్కడ ప్రతి పెద్ద విద్యుత్ కేంద్రం గంటగంటకూ ఎంత గంధక వాయువు (సల్ఫర్ డయాక్సైడ్), ఎంత నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలిందో 1990ల నుంచీ ఉన్న లెక్కలను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చట. మరి మనకో అని ముగ్గురం వెతకడం మొదలుపెట్టాం.

ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో వచ్చింది. ఇప్పుడు 210 మెగావాట్లవి ఆరు, 500ది ఒకటి, 2023 చివర్లో మొదలైన 800ది ఒకటి, మొత్తం 2,560 మెగావాట్లు. 2015 డిసెంబరు నిబంధనల ప్రకారం పాత 210ల చిమ్నీలో ఘనపు మీటరు గాలికి ధూళి 100 మిల్లీగ్రాములు దాటకూడదు. 500 యూనిట్‌కు 50, కొత్తదానికి 30. చిమ్నీల్లో పెట్టిన మీటర్ల కొలతలు ఆన్‌లైన్‌లో కాలుష్య నియంత్రణ మండళ్ళకు వెళ్తుంటాయి.

30 అనగానే మేమూ సంబరపడ్డాం. కానీ అది పొగ ఎంత చిక్కగా ఉందో చెబుతుంది కానీ, మొత్తం ఎంత పోయిందో చెప్పదు. పాలలో నీళ్ళ వంతు తెలిసినంత మాత్రాన బిందెలో పాలెన్నో తెలియదు కదా. ఒక కిలోవాట్ గంట కరెంటుకు సుమారు నాలుగు ఘనపు మీటర్ల పొగ వస్తుందనుకుంటే, 210 మెగావాట్ల యూనిట్ పూర్తి లోడులో 100 దగ్గర నడిచినప్పుడు గంటకు దాదాపు 84 కిలోల ధూళి పోతుంది. 800 యూనిట్ 30 దగ్గర నడిచినా 96 కిలోలు. అంటే చిక్కదనంతో పాటు ఆ రోజు ఏ యూనిట్ ఎంత తిరిగిందో కూడా కావాలి. అది చాలావరకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ రోజువారీ నివేదికల్లో దొరుకుతుంది.

తర్వాత గాలి. ఇబ్రహీంపట్నం మనకు వాయవ్యాన ఉంది (వాస్తు పుణ్యమా అని ఈ దిక్కు ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది). చలికాలంలో ఈశాన్య గాలి వీస్తే ఆ పొగ కృష్ణ దాటి అమరావతి వైపు పోతుంది. వాయవ్య గాలి తిరిగితేనే మన మీదికి. పైగా అంత ఎత్తు చిమ్నీ నుంచి వచ్చే సన్నటి ధూళి పక్క వీధిలో పడదు, చాలా దూరం పోతుంది. గంధక వాయువు గాలిలో గంటల తరబడి మారుతూ మారుతూ సల్ఫేటుగా, పీఎం 2.5 అనే అతి సన్నటి ధూళిలో భాగంగా తేలుతుంది. దాన్ని మేడ మీద చీపురుతో ఊడ్వలేం, ఊపిరితిత్తుల్లోకి పోయేది అదే.

మరి ఊడ్చేది ఏమిటి? మా అంచనాలో ఎక్కువ భాగం రోడ్డు దుమ్మే. వరద ఒండ్రు ఎండాక లేచిన దుమ్ము అందరికీ గుర్తే. దాని మీదికి టార్పాలిన్ పట్టా కప్పకుండా పోయే బూడిద లారీలు. అవి ఎవరివో ఇక్కడ రాయడం లేదు. కేంద్రం బూడిద పోసే చెరువు నుంచి ఎగిరేదీ, లారీ నుంచి రాలిపడేదీ చిమ్నీ మీటరులో పడవు. ఆ లెక్క చూసి అంతా బాగుందనడం ఎంత తప్పో, మేడ మీద మట్టి చూసి చిమ్నీని తిట్టడమూ అంతే తప్పు. అందుకే ఫిర్యాదును రెండుగా చీల్చాం. లారీలకు పట్టా గురించి ఒకటి ఇచ్చాం. చిమ్నీల గంటవారీ కొలతల కోసం పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద ఒక కార్యాలయానికి మరొకటి పెట్టాం. ముప్పై రోజుల గడువు దాటింది, జవాబు రాలేదు, అప్పీలు వేశాం.

ఈలోగా ఒక నోటుపుస్తకం పెట్టాం. రోజూ గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో (గుడి జెండా చూస్తే చాలు), కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సైటులో పీఎం 2.5 ఎన్ని మైక్రోగ్రాములో, ఎన్ని యూనిట్లు నడుస్తున్నాయో రాయాలి. ఆ మండలి సమీర్ యాప్‌లో కనిపించే ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) గడిచిన 24 గంటల సగటు మీద వేసేది, కాబట్టి ఇప్పుడే పొగ కనిపించింది, అంకె ఎందుకు పెరగలేదని కంగారు పడొద్దు. మన దేశంలో పీఎం 2.5కు రోజు పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టింది 15. పేజీ మీద రెండు గీతలూ గీశాం. భోగి నాటి పేజీని విడిగా చూడాలి, ఆ పొగ మనదే.

జనవరి తర్వాత చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి, తప్పు కమిటీదే. పుస్తకం ప్రస్తుతం కోశాధికారి గారింట్లో ఉంది. పొద్దున పాలకు వెళ్ళేటప్పుడు ఒక నిమిషం ఆగి రాసేవాళ్ళు ముగ్గురు కావాలి.

ఇట్లు,
కార్యదర్శి