నయమైపోయింది కదా అంటారు, తర్వాత సంగతి ఎవరికీ పట్టదు

ఎడిటర్ గారికి నమస్కారం.

అక్టోబర్ వస్తానే పేపర్ల నిండా రొమ్ము క్యాన్సర్ గురించి పింక్ రిబ్బన్లు, ర్యాలీ ఫొటోలు, ముందే పరీక్ష చేయించుకోండి అని. రాయాల్సిందే, కాదనను. కానీ ట్రీట్‌మెంట్ అయిపోయి ఇంటికొచ్చినోళ్ళు ఎట్ల బతుకుతాండారో ఎవరన్నా రాస్తారేమో అని చూసి చూసి నేనే రాస్తాండా.

నాకిప్పుడు 35 ఏళ్ళు. 31లో రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఒకవైపు తీసేసినారు, చంకలో గ్రంథులు కూడా తీసినారు, తర్వాత కీమో, కరెంట్ పెట్టడం (రేడియేషన్) అన్నీ అయినాయి. ఆరోగ్యశ్రీ లేకుంటే ఇల్లు అమ్ముకోవాల్సొచ్చేది, ఆ మాట మాత్రం చెప్పాల.

చంకలో గ్రంథులు తీస్తే కొందరికి ఆ వైపు చేతికి నీరు దిగుతాదంట. ఆ చేతికి సూది వద్దు, బీపీ చూపించుకోవద్దు అన్నారు గానీ రోజూ చెయ్యాల్సిన ఎక్సర్‌సైజులు ఒక్కరూ చూపీలేదు. మాది కర్నూలు, రాత్రి జొన్నరొట్టె లేకుంటే మా ఇంట్లో ఎవరికీ అన్నం తిన్నట్టుండదు. పది రొట్టెలు తట్టేసరికి చెయ్యి బరువెక్కి గాజులు బిగుసుకుపోతాయి. చేతికి తొడుక్కునే టైట్ స్లీవ్ కావాలని మెడికల్ షాపులో అడిగితే మోకాలికేసేది తెచ్చి చూపిచ్చినాడు. జాకెట్ ఒకవైపు వేలాడకుండా గుడ్డసంచిలో ఆవాలు పోసి నేనే కుట్టుకున్నా, బరువు బాగానే సరిపోయింది, నవ్వుకోండి. మా ఆయన మంచోడే, ఒక్కమాట అనడు, అయినా ఈరోజుకీ లైటేసి చీర మార్చుకోలేను.

జబ్బు తిరగబెట్టకుండా రోజూ టామోక్సిఫెన్ అనే ట్యాబ్లెట్ వేసుకోవాల, తక్కువలో తక్కువ 5 ఏళ్ళు. దాంతో ఒళ్ళంతా ఆవిర్లు. మే నెలలో కర్నూల్లో ఆవిర్లంటే ఎవరు నమ్ముతారు, ఎండకు అందరికీ అట్లనే ఉంటాదిలే అంటాది మా అత్త.

అసలు బాధ వేరే ఉంది. నాకొక పాప, ఇంకొకరు కావాలని ఉండేది. కీమోతో అండాలు దెబ్బతినొచ్చు, ముందే తీసి దాచిపెట్టుకునే దారి ఉంది అని కీమోకి ముందు నాకెవరూ చెప్పలేదు. ఆ ట్యాబ్లెట్ వాడినన్నాళ్ళు గర్భం రాకూడదు. 2023లో ఒక పెద్ద స్టడీ వచ్చింది, నాలాంటోళ్ళు 500 మందికి పైగా ఏడాదిన్నర రెండున్నరేళ్ళు మందు వాడినాక రెండేళ్ళ దాకా ఆపి బిడ్డ కోసం చూస్తే, మూడేళ్ళ పైచిలుకు గమనించినంతవరకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువేం కాలేదంట, అందరికీ కుదరదు, డాక్టర్‌ని అడిగే ఆపాల. ఈ సంగతి నాకు చెప్పింది పక్కబెడ్ ఆమె కూతురు, నర్సింగ్ చదివే పిల్ల! వయసు ఆగదు కదా సార్, రెండేళ్ళ ముందు తెలిసుంటే అడిగేదాన్నన్నా.

నేనడిగేది చిన్నదే. మన జిల్లాలో వారానికి ఒక్కరోజు, ట్రీట్‌మెంట్ అయిపోయినోళ్ళకని వేరే ఓపీ పెట్టమనండి. ఫిజియోథెరపీ ఆమె ఒకరు, మాట్లాడే మనిషి ఒకరు. ఆ స్లీవ్ కూడా కార్డు మీద ఇప్పిస్తే మంచిది.

పేరు వెయ్యొద్దు. మా చెల్లెలికి సంబంధాలు చూస్తాండారు, నా సంగతి బయటికి రానీయొద్దని మానాయన మాట. చిన్న వయసులో నాకొచ్చిందంటే వంశంలో వచ్చేదేమో అని ముందు నాకు జీన్ టెస్ట్ చేయించాల, అందులో తేలితే ఆ పిల్లకూ చేయించాల, ఆ మాట ఇంకా ఇంట్లో అనలేకపోతాండా.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కర్నూలు