లెనిన్ సెంటర్ బాబాయ్ గారికి, పైవాటా మేడమ్ గారికి, మా వదినకి

ఈ మే నెలలో నేనొక ఇంగ్లీషు నవల మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. డిగ్రీ వరకు తెలుగు మీడియంలో చదువుకుని, విజయవాడ వస్త్రలతలో ఒక బట్టల షాపులో లెక్కలు రాసుకునే నాకు అది చిన్న విషయం కాదు. పైగా శృంగారం దాచకుండా రాసిన నవల. అమెరికాలో ఒక చెరువు ఒడ్డు ఊరు. భర్తతో విడిపోయి ఏడేళ్ల కూతుర్ని ఒక్కతే పెంచుకుంటున్న ఆవిడ, పక్కింటికి మరమ్మతులు చేయడానికి వచ్చిన వడ్రంగికి ఆ వేసవిలో దగ్గరవుతుంది. నాకూ విడాకులై అయిదేళ్లు. బాబుకి తొమ్మిదేళ్లు. ముగ్గురు మనుషులు లేకపోతే ఆ పుస్తకాన్ని రెండో రోజే బీరువా అడుగున పెట్టేసేదాన్ని. అందుకే వాళ్లకి అందరి ముందూ థాంక్స్ చెప్పుకుంటున్నాను.

మొదట లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు అమ్మే బాబాయ్ గారికి. బాబుని సెలవులకి తెనాలిలో అమ్మ దగ్గర దింపి వచ్చిన మర్నాడు, షాపు నుంచి ఇంటికి వెళ్తూ ఆగాను. అట్ట మీద చొక్కా లేని మగాడి బొమ్మ. దాన్ని చేతిలోకి తీసుకున్నాక నా చెవులు వేడెక్కాయి. ఆయన మాత్రం ఎంసెట్ గైడు ఇచ్చినట్టే కాగితంలో చుట్టి ఇచ్చారు. "చదివి తెచ్చిచ్చేయమ్మా, సగం డబ్బులు ఇస్తాను" అన్నారు. నా ముఖంలోకి తేరిపార చూడలేదు. ఆ చూడకపోవడమే ఆయన నాకు చేసిన సాయం.

పైవాటా మేడమ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇంగ్లీషు టీచరుగా రిటైరయ్యారు. రెండో పేజీలోనే 'ఫ్లింగ్' అనే మాట తగిలింది. ఫోన్‌లో చూస్తే విసరడం అని వచ్చింది. సిగ్గుపడుతూనే పైకి వెళ్లి అడిగాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "మూణ్ణాళ్ల ముచ్చట అంటాం కదా, అదే. మనవాళ్లు ఆ మూణ్ణాళ్లని పట్టుకుని తిడతారు గానీ అందులో ముచ్చట అనే మాట కూడా ఉంది చూడు" అన్నారు. నాకు ఆ మాటతోనే పుస్తకం తెరుచుకుంది.

ఆ రోజు నుంచి రాత్రి భోజనాలయ్యాక డాబా మీద, వేడి తగ్గని గచ్చు మీద నీళ్లు చల్లుకుని చాప పరుచుకునేవాళ్లం. అర్థం కాని చోట పెన్సిల్‌తో గీత గీసి తీసుకెళ్లేదాన్ని. పడగ్గది సీన్లు కూడా ఆవిడ పాఠం చెప్పినట్టే చెప్పారు. గొంతు తగ్గించలేదు, నవ్వలేదు. ఇలాంటి నవలల్లో చివరికి మంచే జరుగుతుందని, అది రాసేవాళ్లు చదివేవాళ్లకి ముందే ఇచ్చే మాట అని మొదటి రోజే చెప్పారు. సగం టెన్షన్ అక్కడే పోయింది. 1908లో లండన్‌లో మొదలైన మిల్స్ అండ్ బూన్ వాళ్ల పుస్తకాలు తను కాలేజీ రోజుల్లో గుంటూరు హాస్టల్లో దిండు కింద దాచుకున్న సంగతీ చెప్పారు. 1950లో అరుణాచలం వెళ్లిపోకముందు చలం గారు ఈ బెజవాడలోనే ఉన్నారట. ఆడదాని కోరిక గురించి రాసి ఆయన తిన్న తిట్లు తలుచుకుంటే నీ పుస్తకం ఎంతమ్మా అన్నారు.

ఒక్క చోట మాత్రం అర్థాలు అడగాల్సిన పని పడలేదు. నవలలో మొదటి రాత్రి కథానాయిక దీపం ఆర్పేయమంటుంది. కడుపు మీద సిజేరియన్ కుట్ల గీత కనపడుతుందని. అతను ఆర్పేస్తాడు. తర్వాత చీకట్లో ఆ గీత మీద చెయ్యి పెట్టి, ఇక్కడ ముట్టుకోవచ్చా అని అడుగుతాడు. నేను పుస్తకం మూసేసి చాలాసేపు ఏడ్చాను. నాకూ ఆ గీత ఉంది. ఆపరేషనప్పుడు డాక్టర్లు, నర్సులు తప్ప దాని గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మేడమ్‌కి ఆ పేజీ చూపిస్తే చదివి, మాట్లాడకుండా నా వీపు నిమిరారు.

నవలలో నచ్చనివీ ఉన్నాయి. డబ్బు ఇబ్బందులు రెండు పేజీల్లో తీరిపోయాయి, మనకలా తీరవు. మాజీ భర్తని మరీ దుర్మార్గుణ్ణి చేశారు. కానీ ఆ వడ్రంగి దగ్గర ఉన్న సాయంత్రం కూడా పాప అన్నం తిందా అని ఆవిడ మూడుసార్లు ఫోన్ చేస్తుంది చూడండి, అది ఒంటరి తల్లుల సంగతి బాగా తెలిసినవాళ్లు రాసింది.

ఇక మా వదిన. ఆవకాయ పెడుతున్నారని ఆదివారం తెనాలి వెళ్తే, నా సంచిలో ఆ అట్ట అన్నయ్య కంటపడింది. "పిల్లాడి తల్లివి, ఇవేం పుస్తకాలు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వదిన ఆవపిండి చేతులతోనే వచ్చి, "తన డబ్బులతో కొనుక్కుంది, తన కళ్లతో చదువుకుంటోంది. పిల్లాడి తల్లయితే మనిషి కాకుండా పోతుందా అండీ?" అంది. అన్నయ్య ఇంకేం అనలేదు. సాయంత్రం బయలుదేరేటప్పుడు ఆవకాయ సీసాతో పాటు పుస్తకం కూడా తనే సంచిలో పెట్టి, "బాబు ఇంకో వారం ఇక్కడే ఉంటాడు, నువ్వు పూర్తి చేసుకో" అంది. వదినా, అయిదేళ్లలో నా కోసం ఎవరైనా ఇంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి.

బాబాయ్ గారూ, పుస్తకం తిరిగి తెచ్చివ్వలేదని అనుకుంటున్నారేమో. ఆ సగం డబ్బులు మీ దగ్గరే ఉంచేసుకోండి. పేజీల అంచుల్లో మేడమ్ పెన్సిల్‌తో రాసిచ్చిన తెలుగు అర్థాలున్నాయి, నేను ఇవ్వలేను.