షుగర్ లాంటి జబ్బే అంటారు, ఇల్లు మాత్రం ఇవ్వరు

సంపాదకుడు గారికి నమస్కారం.

అక్టోబరు 10న, మానసిక ఆరోగ్య దినోత్సవం రోజు, మా ఊళ్లో ర్యాలీ తీశారు. ‘మానసిక రోగం కూడా షుగర్, బీపీ లాంటిదే’ అని రాసిన అట్టలు పట్టుకుని కాలేజీ పిల్లలు ఎండలో నడిచారు. మంచిదే. కానీ ఆ మాట నేను మా పాత ఇంటి ఓనర్ నోట ఎప్పుడో విన్నాను. మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా, అంటే లేనివి వినిపించడం, లేనిపోని అనుమానాలు పట్టడం లాంటివి ఉండే మానసిక రోగం; పదకొండేళ్లుగా మందులు వాడుతున్నాడు, ఎవరి జోలికీ పోడు. ఆ సంగతి తెలిసిన రోజు ఆయన “దానికేముంది బాబూ, అదీ షుగర్ లాగే ఒక జబ్బు” అన్నారు. పదిహేను రోజులు తిరక్కుండానే “అబ్బాయికి పెళ్లి కుదిరింది, ఇల్లు మాకే కావాలి” అన్నారు. మేం ఖాళీ చేసిన నెలకే ఆ గేటుకి మళ్లీ టులెట్ బోర్డు కట్టారు.

ఏ సర్వే వాళ్లో వచ్చి “మానసిక రోగుల మీద మీ అభిప్రాయం ఏమిటండీ” అని అడిగితే ఆయన మంచి మాటే చెప్పేవారు, అది అబద్ధమూ కాదు. అడిగిన తీరే సరిపోదు. దీనికి విన్యెట్ సర్వే అని ఒక పద్ధతి ఉంది. రోగం పేరు ఎత్తరు, ఒక మనిషి కథ నాలుగు వాక్యాల్లో చెబుతారు. ‘రమణ ఏడాది కిందటి వరకు బాగానే ఉన్నాడు. ఇప్పుడు పనికి పోవడం లేదు. ఎదురింటి వాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు, అన్నంలో ఏదో కలిపారని పళ్లెం తోసేస్తాడు.’ ఆ తర్వాత ప్రశ్నలు: ఇతనికి ఏమైంది? ఎక్కడికి తీసుకెళ్లాలి, భూతవైద్యుడి దగ్గరికా, ఆర్‌ఎంపీ దగ్గరికా, పెద్దాసుపత్రికా? మీ పక్కింట్లో ఉంటే ఫర్వాలేదా? మీ ఇంటి పిల్లనిస్తారా? ఇదే కథలో రమణ బదులు రమణమ్మ అని మార్చి మరికొందరిని అడిగితే, ఆడమనిషి అనేసరికి జవాబు ఎంత మారిందో కూడా తేలిపోతుంది.

కొత్త పద్ధతేం కాదు, అమెరికాలో 1950లోనే షర్లీ స్టార్ అనే పరిశోధకురాలు ఇలా కథలు చెప్పి అడిగారు. అక్కడే 1996లో ఇలాంటి కథలతో, మళ్లీ 2006లో ఆ 1996 కథలతోనే దేశమంతా అడిగితే, డిప్రెషన్‌కి కారణం మెదడులోనే ఉందన్నవాళ్లు 54 శాతం నుంచి 67 శాతానికి పెరిగారు, కానీ అలాంటి మనిషిని దూరం పెట్టాలనుకోవడం మాత్రం తగ్గలేదు. 2018కి వచ్చేసరికి డిప్రెషన్ విషయంలో కొంత తగ్గింది, స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లు ప్రమాదకరమన్న భయం మాత్రం ఇంకా పెరిగింది. చదివినప్పుడు మా ఓనరే గుర్తొచ్చారు. జబ్బేనని ఒప్పుకోవడం వేరు, తలుపు తీయడం వేరు. మనం అట్టల మీద రాసేదంతా మొదటి దాని గురించే.

కథ విని చెప్పే జవాబుకీ చేసే పనికీ తేడా ఉండొచ్చు, ఒప్పుకుంటాను. అయినా ఉత్త అభిప్రాయాలు అడగడం కంటే, మనుషులు నిజంగా చేసే పనికి ఇది దగ్గర. ఇక మన దగ్గర చూస్తే, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. అదైనా ముఖ్యంగా జబ్బు ఎందరికుందని లెక్క తీయడానికి చేసింది. పక్కింటివాళ్లు ఏమనుకుంటారన్నది వేరే సర్వే.

మన యూనివర్సిటీల సైకాలజీ విభాగాలు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్లు కలిసి ఈ పని చేయాలని నా మనవి. ఇంగ్లీషు కథల్ని తెలుగులోకి దింపితే లాభం లేదు. ‘గాలి సోకింది’, ‘ఎవరో ఏదో చేయించారు’, ‘ఎర్రగడ్డకి పంపాలి’ అనే మాటలు ఎక్కడ పుడతాయో అక్కడి కథలే కావాలి, శ్రీకాకుళం పల్లెకి ఒకటి, హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌కి ఒకటి. ఆశా కార్యకర్తలతో ముందుగా చదివించి చూస్తే ఏ మాట జనానికి ఎక్కదో వాళ్లే చెబుతారు. మా తమ్ముడి కథ పనికొస్తుందంటే నేనిస్తాను, వాడూ సరేనన్నాడు, పేరు మార్చి రాసుకోండి.

— ఒక పాఠకుడు, ఏలూరు