హాజరు పట్టీతో కొలవకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మంచి ఊపులో ఉండగానే ఆట మానేసిన క్రీడాకారుల మీద మీ క్రీడల పేజీలో వ్యాసం చదివాను. అందులో మెక్సికో గోల్ఫర్ లొరెనా ఒచోవాకు దక్కినవి మూడే వాక్యాలు. ప్రపంచ నంబర్ వన్‌గా ఉంటూ 2010లో 28 ఏళ్లకే రిటైరైందని మొదటిది. అంతకు కొద్ది నెలల ముందే పెళ్లయిందని రెండోది. పదేళ్లు ఆడలేదు కాబట్టి ఎల్‌పీజీఏ (అమెరికా మహిళా ప్రొఫెషనల్ గోల్ఫ్ సంఘం) హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే మేటి క్రీడాకారిణుల గౌరవ జాబితాలో, చోటు పోగొట్టుకుందని మూడోది. మొదటి రెండూ సరే. మూడోది తప్పు. ఎల్‌పీజీఏ 2022లో ఆ పదేళ్ల నిబంధనను తీసేసింది. దాంతో ఒచోవాకు అందులో చోటు దక్కింది.

చిన్న సవరణ వేస్తే సరిపోయే విషయమే. కానీ ఆ వాక్యం రాసిన తీరు చూస్తే, నిబంధన పోయినా దాని వెనకున్న ఆలోచన పోలేదనిపించింది. అందుకే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

ఆ హాల్ ఆఫ్ ఫేమ్‌కు 27 పాయింట్లు కావాలి. గెలిచిన ప్రతి టైటిల్‌కు ఒక పాయింటు, అది మేజర్ (అన్నిటికన్నా పెద్ద టోర్నీల్లో ఒకటి) అయితే రెండు. ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణి అవార్డుకు ఒకటి, సీజన్ మొత్తమ్మీద అతి తక్కువ సగటు స్కోరు చేసినవారికిచ్చే వేర్ ట్రోఫీకి ఒకటి. ఇప్పుడు ఒచోవా లెక్క చూడండి. 27 టైటిళ్లు, వాటిలో రెండు మేజర్లు, అంటే 29. 2006 నుంచి 2009 దాకా నాలుగేళ్లూ ఆ రెండు అవార్డులూ ఆమెవే, అంటే ఇంకో ఎనిమిది. మొత్తం 37! ఎల్‌పీజీఏ టోర్నీల వరస అయిన టూర్‌లో అడుగుపెట్టింది 2003లో, 27 పాయింట్ల గీత దాటింది 2008లో. అప్పటికి ఆరో సీజను. ఇక బాకీ ఉన్నది హాజరు ఒక్కటే. ఆ హాజరు తక్కువైందని పన్నెండేళ్లు బయట నిలబెట్టారు.

ఈ నిబంధన ఎంత విడ్డూరంగా తయారైందో కొరియా క్రీడాకారిణి ఇన్బీ పార్క్ విషయంలో ఇంకా బాగా తెలుస్తుంది. 2015 చివరికే ఆమెకు పాయింట్లు సరిపోయాయి. కానీ పదో సీజను పూర్తయినట్టు లెక్కలోకి రావాలంటే 2016లో పది టోర్నీలు ఆడాలి. ఆ ఏడాది బొటనవేలి గాయం. నొప్పి భరించలేక కొన్ని టోర్నీల నుంచి మధ్యలోనే తప్పుకుంది. జూన్‌లో జరిగిన మహిళల పీజీఏ చాంపియన్‌షిప్ పదో టోర్నీ. అందులో మొదటి రౌండు ముగియగానే హాల్ ఆఫ్ ఫేమ్ సభ్యురాలైపోయింది, ఆ టోర్నీలో కట్ (చివరి రౌండ్లకు వెళ్లే అర్హత) కూడా దాటలేదు! అదే మనిషి రెండు నెలలు దాటాక రియో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిస్తే, నాటి నిబంధనల్లో దానికి ఒక్క పాయింటూ లేదు. (2022 మార్పులతోనే ఒలింపిక్ స్వర్ణానికీ పాయింటు వచ్చింది.)

ఒచోవా ఆట గురించి మీ వ్యాసం ఒక్క ముక్క చెప్పలేదు. నేను చెబుతాను. 2005 యూఎస్ ఓపెన్ చివరి రోజు, చివరి హోల్. గెలిచే అవకాశం ఇంకా చేతిలోనే ఉంది. హోల్ మొదలుపెడుతూ కొట్టే టీ షాట్ పోయి చెరువులో పడింది. నాలుగు స్ట్రోకుల్లో ముగించాల్సిన చోట ఎనిమిది పట్టాయి. మరుసటి ఏడాది క్రాఫ్ట్ నబిస్కో అనే మేజర్‌లో మొదటి రౌండునే 62 స్ట్రోకుల్లో ముగించింది (గోల్ఫ్‌లో స్ట్రోకులు ఎంత తక్కువైతే అంత మేలు). చివరి రోజు కారీ వెబ్ 18వ హోల్లో వంద గజాల పైచిలుకు దూరం నుంచి బంతిని నేరుగా గుంటలో వేసేసింది. అదే హోల్లో ఒచోవా కూడా ఈగిల్ (నిర్ణయించినదానికన్నా రెండు స్ట్రోకులు తక్కువ) చేసి స్కోరు సమం చేసింది. అయినా విజేతను తేల్చే అదనపు ఆట ప్లేఆఫ్‌లో ఓడింది. పెద్ద పోటీలో టెన్షన్ తట్టుకోలేదనే మాట అలా పుట్టింది.

ఆ మాటకు జవాబు 2007లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో, మహిళల బ్రిటిష్ ఓపెన్ అనే మేజర్‌లో వచ్చింది. ఆ కోర్సులో ప్రొఫెషనల్ మహిళల టోర్నీ జరగడం అదే మొదలు. మొదటి రౌండులో 67తో ఆధిక్యం అందుకున్న ఒచోవా చివరిదాకా వదల్లేదు, నాలుగు స్ట్రోకుల తేడాతో గెలిచింది. (ఆ కోర్సు పక్కనే ఉన్న ఆర్ అండ్ ఏ అనే పేరున్న పాత గోల్ఫ్ క్లబ్బు మహిళలకు సభ్యత్వం ఇవ్వడానికి ఒప్పుకుంది 2014లో అనేది వేరే కథ.) ఆ ఏడాది మొత్తం ఎనిమిది టైటిళ్లు. ఒకే సీజన్‌లో 40 లక్షల డాలర్లకు పైగా గెలిచిన తొలి మహిళా గోల్ఫర్ ఆమే. 2006, 2007, 2008 మూడేళ్లలో కలిపి 21 టైటిళ్లు. వరసగా 158 వారాలు నంబర్ వన్. ఇవన్నీ చేసిన మనిషిని ఇంకా రెండేళ్లు ఎందుకు ఆడలేదని నిలదీస్తామా?

అవతలి వాదనలోనూ కొంత పస ఉంది, కాదనను. ఒకటి రెండు సీజన్లు మెరిసి పోయేవాళ్లను వడగట్టడానికే పదేళ్ల షరతు అన్నారు. పైగా ఆమె తప్పుకున్నప్పుడు స్పాన్సర్లు వెనక్కి పోతూ, టోర్నీలు తగ్గిపోతున్నాయి. టూర్‌కు అది దెబ్బే. కానీ వడగట్టే పని 27 పాయింట్లే చేస్తున్నాయి కదా. మెరుపు ఆటతో 27 పాయింట్లు రావు.

ఇక రెండో వాక్యం, పెళ్లి సంగతి. నిజమే అయినా అది అక్కడెందుకు? కుటుంబంతోనూ, తాను పెట్టిన ఫౌండేషన్ పనిలోనూ గడపాలనుందని ఒచోవా 2010 ఏప్రిల్‌లో మెక్సికోలో విలేకరుల ముందు తానే చెప్పింది. మెక్సికోలోని గ్వాదలహారాలో అప్పటికే పేద పిల్లల కోసం బడి నడుపుతున్నది ఆ ఫౌండేషనే. టోర్నీలకు వెళ్లినచోట పొద్దున్నే గడ్డి కోసే సిబ్బంది దగ్గరికి వెళ్లి, సాటి మెక్సికో మనుషులతో కలిసి టిఫిన్ చేసే అలవాటూ ఆమెకుండేది. అలాంటి మనిషి రిటైర్మెంటుకు పెళ్లి తప్ప కారణమే లేనట్టు రాశారు. అదే వ్యాసంలో ఉన్న మగ క్రీడాకారుల్లో ఒక్కరి పెళ్లి తేదీ కూడా నాకు కనిపించలేదు.

హాల్ ఆఫ్ ఫేమ్ విషయంలో దయచేసి సవరణ ప్రచురించండి. అది కూడా మూడే వాక్యాల్లో ముగించాల్సి వస్తే, రెండోది ఈసారి సెయింట్ ఆండ్రూస్‌కు ఇవ్వండి.

ఇట్లు,
మీ పాఠకురాలు