పాత కంప్యూటర్‌కు డిస్కునూ సాఫ్ట్‌వేర్‌నూ కలిపే ఎంచుకోవాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ అందిస్తూ వచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడుకునేవారికి భద్రతా అప్‌డేట్లను మరో ఏడాది పొడిగిస్తున్నట్లు ప్రకటించినా, ఆ సందర్భంగా వచ్చిన వార్తలు చదివిన చాలామందికి తమ పాత కంప్యూటర్ ఇక పనికిరాదన్న అభిప్రాయమే మిగిలింది. నా పరిచయస్థుల్లోనే ఇద్దరు తమ కంప్యూటర్లను మూలన పడేశారు. నేను మాత్రం 2012లో కొన్న డెస్క్‌టాప్‌నే ఇప్పటికీ రోజూ వాడుతున్నాను. దానికి రెండుసార్లు డిస్కు మార్చాను. ఇప్పుడు అందులో ఉన్నది మూడో ఆపరేటింగ్ సిస్టం. ఆ అనుభవంతో ఒక్క విషయం గట్టిగా చెప్పదలిచాను. పాత కంప్యూటర్‌కు డిస్కునూ సాఫ్ట్‌వేర్‌నూ దేనికది విడిగా ఎంచుకుంటే రెండింటా పొరపాటు జరుగుతుంది. మదర్‌బోర్డు (భాగాలన్నింటినీ కలిపే పలక) ఏ డిస్కును గుర్తించగలదో, ప్రాసెసరూ ర్యామూ ఏ సాఫ్ట్‌వేర్‌ను మోయగలవో ముందుగా తెలుసుకుని, ఆ తర్వాతే కొనడానికి వెళ్లాలి.

కంప్యూటర్ నెమ్మదించిందనగానే అందరి చూపూ ప్రాసెసర్ మీదికి పోతుంది. చాలా సందర్భాల్లో అసలు అడ్డంకి హార్డ్ డిస్కు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు ఒక్క చుట్టు పూర్తి చేయడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం సమయం, ఆ ముల్లు సరైన ట్రాకు (సమాచారం రాసి ఉన్న వలయం) మీదికి జరగడానికి దాదాపు మరో ఎనిమిది తొమ్మిది మిల్లీసెకన్లు కావాలి. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను అటువంటి డిస్కు సెకనుకు వందసార్లు కూడా అందించలేదు. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే 5,400 చుట్ల డిస్కు ఇంకా నెమ్మది. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు జరిగే పనంతా అటువంటి వేలాది చిన్న ఫైళ్లను చదవడమే కాబట్టి, ప్రాసెసర్ ఎంత చురుకైనదైనా డిస్కు కోసం ఎదురుచూస్తూ కూర్చోవలసిందే. నా కంప్యూటర్‌లో ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపే టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్కు వద్ద 100 శాతం, ప్రాసెసర్ వద్ద పది శాతం లోపు కనిపించేది. కదిలే భాగమే లేకుండా చిప్పుల్లో సమాచారం దాచే ఎస్ఎస్‌డీ రకం డిస్కుకి అదే పనికి మిల్లీసెకనులో పదో వంతు చాలు. నాలుగు నిమిషాలకు గాని బ్రౌజర్ తెరుచుకోని కంప్యూటర్, ఎస్ఎస్‌డీ పెట్టిన రోజు నుంచి నలభై సెకన్లలో పనికి సిద్ధమవుతోంది.

అయితే డిస్కు కొనేముందు ఉన్న డిస్కును పరీక్షించాలి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. కొన్న నాలుగేళ్లకు నా కంప్యూటర్ పని మధ్యలో నిమిషాల తరబడి బిగుసుకుపోవడం మొదలైంది. మరమ్మతుకు వచ్చిన వ్యక్తి హార్డ్ డిస్కు పాడైందని చెప్పి కొత్తది బిగించారు. వారం తిరగకుండానే మళ్లీ అదే వరస. అప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో డిస్కులు తమ ఆరోగ్యం గురించి తామే రాసుకునే స్మార్ట్ లెక్కలను చూశాను. పాడైన సెక్టార్లకు (డిస్కు మీది చిన్న చిన్న నిల్వ గడులకు) బదులు వేరేవి వాడుకున్న లెక్క 05 అంకె దగ్గర, చదవలేక పెండింగులో పెట్టిన సెక్టార్ల లెక్క సీ5 దగ్గర ఉంటాయి. రెండు డిస్కుల్లోనూ అవి సున్నాలే. సీ7 దగ్గర ఉండే లెక్క మాత్రం రోజురోజుకూ పెరుగుతోంది. అది డిస్కుకూ బోర్డుకూ మధ్య సమాచారం దారిలో చెడిపోయిన సందర్భాల లెక్క. తప్పు డిస్కుది కాదు, రెంటినీ సాటా అనే పద్ధతిలో కలిపే ఎర్ర కేబుల్‌ది. కేబుల్ మార్చగానే ఆ లెక్క పెరగడం ఆగిపోయింది. 'పాడైన' మొదటి డిస్కు ఇప్పటికీ నా దగ్గర బ్యాకప్‌కు పనిచేస్తూనే ఉంది. ఈ ప్రోగ్రాం అంకెలను మామూలుగా పదహారు ఆధారంగా చూపిస్తుందని గుర్తుంచుకోవాలి. అక్కడ 64 అని ఉంటే దానర్థం ఆరు పదహార్లు, నాలుగు కలిపి నూరు.

ఇక కొనేటప్పుడు ఎదురయ్యే చిక్కులన్నీ డిస్కు బోర్డుకు అతికే చోటు దగ్గరే. కొత్త డిస్కుల ప్రకటనలన్నీ సాటా కన్నా వేగమైన ఎన్‌వీఎంఈ అనే కొత్త పద్ధతి వేగాల గురించే ఉంటాయి. 2012 నాటి బోర్డుల్లో దానికి తగిన ఎం.2 అనే సన్నని స్లాటే ఉండదు. అడాప్టర్ కార్డు వేసి తగిలించినా, ఆ బోర్డుల్లోని బయోస్‌లు (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాంలు) సాధారణంగా దాని నుంచి ఆపరేటింగ్ సిస్టంను మొదలుపెట్టలేవు. ఎం.2 స్లాట్ ఉన్న బోర్డుల్లోనూ కొన్ని సాటా రకాన్ని మాత్రమే తీసుకుంటాయి. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి కనుక బోర్డు మాన్యువల్ చూడకుండా కొనకూడదు. కాబట్టి పాత యంత్రానికి 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీయే నిశ్చింతైన ఎంపిక. నా బోర్డులోని సాటా రెండో తరానిది. సెకనుకు 550 మెగాబైట్లు చదవగల డిస్కు దాని మీద 280 దగ్గరే ఆగిపోతుంది. అందువల్ల దిగులుపడనవసరం లేదు. రోజువారీ పనిలో మనకు తెలిసే తేడా చిన్న ఫైళ్లు తక్షణం అందడంలో ఉంది గాని, పెద్ద ఫైలు ఎంత వేగంగా పారిందన్న దానిలో లేదు. ఆపరేటింగ్ సిస్టం వేసేముందే బయోస్‌లో సాటా పద్ధతి ఎస్ఎస్‌డీకి తగిన ఏహెచ్‌సీఐగా ఉందో లేదో చూసుకోవాలి. విండోస్ వేసిన తర్వాత మారిస్తే అది తెరుచుకోకుండా మొరాయించవచ్చు.

ఫొటోలు, వీడియోల కోసం పెద్ద హార్డ్ డిస్కును రెండోదిగా ఉంచుకోవడం ఇప్పటికీ మంచి పద్ధతే. అందులోనూ ఎస్ఎంఆర్ రకానికి, ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆర్ రకానికి తేడా తెలియాలి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు ఇంటి కప్పు మీది పెంకుల్లా ఒకదాని అంచును మరొకటి కప్పుతూ ఉంటాయి కనుక, మధ్యలో ఒకదాన్ని మార్చాలంటే ఆ వరుసలో పక్కవాటినీ తిరగరాయాలి. ఎప్పుడో ఒకసారి నింపి పక్కన పెట్టడానికి అది పర్వాలేదు, రోజూ రాసే పనికి తగదు. పాత బయోస్‌తో, డిస్కులోని భాగాల వివరాలు రాసుకునే ఎంబీఆర్ అనే పాతరకం పట్టికతో నడిచే కంప్యూటర్‌లో 512 బైట్ల సెక్టార్ల డిస్కు అయితే 2.2 టెరాబైట్లకు మించిన భాగం వాడకానికి రాదు. సమాచారం కోసమే పెట్టే డిస్కుకు జీపీటీ అనే కొత్తరకం పట్టిక ఎంచుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

సాఫ్ట్‌వేర్ దగ్గరే నాకు ఎక్కువ బాధ కలుగుతుంది. ఎస్ఎస్‌డీ పెట్టించుకున్న తర్వాత అందులో మళ్లీ విండోస్ 7 వేసుకునేవారు ఇంకా ఉన్నారు. దానికి మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. క్రోమ్ బ్రౌజర్ దాని మీద 109వ వెర్షన్ దగ్గరే నిలిచిపోయింది. అటువంటి కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు జరపడం తలుపు తీసిపెట్టి నిద్రపోవడమే. మరికొందరు విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్ అన్న షరతులను దొడ్డిదారిన దాటించి వేసుకుంటున్నారు. అలా వేసిన కంప్యూటర్లకు అప్‌డేట్లు అందుతాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు. ఏ ఉద్దేశంతో కొత్త సిస్టం వేసుకున్నారో ఆ ఉద్దేశమే అక్కడ దెబ్బతింటుంది.

నేను ఎంచుకున్నది విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం లినక్స్ మింట్, అందులోనూ తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ రకం. దాని 22వ వెర్షన్‌కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. కనీసం 2 జీబీ ర్యామ్ చాలంటారు గాని, 4 జీబీ ఉంటేనే హాయిగా నడుస్తుంది. బ్రౌజర్‌లో పది పేజీలు తెరిచే అలవాటుంటే 8 జీబీ అవసరం. ఎందుకంటే ఈనాడు ర్యామ్‌ను తినేది ఆపరేటింగ్ సిస్టం కన్నా బ్రౌజరే. డిస్కులో ఏమీ మార్చకుండా పెన్‌డ్రైవ్ నుంచే దాన్ని నడిపి చూసుకోవచ్చు. ప్రింటరు, వైఫై, శబ్దం పనిచేస్తున్నాయని ఒక పూట పరీక్షించుకున్నాకే నేను ఇన్‌స్టాల్ చేశాను. బాగా పాతవైన 32 బిట్ల ప్రాసెసర్లకు మాత్రం దారి ఇరుకైపోయింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 (లినక్స్‌లోనే మరో రకం) వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. డెబియన్ 12కు 2028 జూన్ దాకా దీర్ఘకాల మద్దతు ఉంది కనుక ఆలోగా మరో ఏర్పాటు చేసుకోవాలి. విండోస్ మీద తప్ప నడవని లెక్కల ప్రోగ్రామో, డిజైన్ ప్రోగ్రామో జీవనాధారమైనవారికి లినక్స్‌కు మారమని నేను చెప్పను. వారు ఆ పాత కంప్యూటర్‌ను నెట్‌కు తగిలించకుండా ఆ ఒక్క పనికే ఉంచుకోవచ్చు.

ఇంత చేసినా బ్యాకప్ లేకపోతే అంతా వృథా. హార్డ్ డిస్కు చెడిపోయేముందు తరచూ చప్పుడు చేస్తుంది, నెమ్మదిస్తుంది. ఎస్ఎస్‌డీ చాలాసార్లు ఏ హెచ్చరికా ఇవ్వకుండా ఒక ఉదయం కనిపించకుండా పోతుంది. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో దాచడానికీ అది తగదు. కొత్త డిస్కులోకి మారాక పాతదాన్ని కనీసం నెలరోజులు చెరపకుండా ఉంచాలని నా విన్నపం.

మీ పత్రిక సాంకేతిక పేజీలో కొత్త ఫోన్లకు, కొత్త ల్యాప్‌టాప్‌లకు ఎంతో చోటు ఇస్తున్నారు. మద్దతు గడువులను ప్రకటించేటప్పుడు, ఉన్న యంత్రాన్ని ఎలా పరీక్షించుకోవాలో, దానికి ఏ డిస్కు, ఏ సాఫ్ట్‌వేర్ సరిపోతాయో వివరించే చిన్న వ్యాసాన్ని కూడా పక్కనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

మూలన పడిన ఆ రెండు కంప్యూటర్లను గత నెలలో బయటికి తీయించాను. మొదటిదానిలో డిస్కు లెక్కలన్నీ శుభ్రంగా ఉన్నాయి. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోవడంతో ఆన్ చేసిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోయేది. తేదీ కుదరక బ్రౌజర్ ప్రతి వెబ్‌సైట్‌నూ తిరస్కరిస్తుంటే, కంప్యూటరే పోయిందని దాని యజమాని అనుకున్నారు. సీఆర్ 2032 బ్యాటరీ మార్చాం, వచ్చే వారం ఎస్ఎస్‌డీ పెట్టి మింట్ వేస్తున్నాం. రెండోదానిలో సీ5 లెక్క సున్నా దాటింది. అందుకని డిస్కు ఎంపిక మాట ప్రస్తుతం పక్కన పెట్టి, అందులోని పిల్లల ఫొటోలను ఒక్కొక్క ఫోల్డరు చొప్పున బయటి డిస్కులోకి ఎక్కిస్తున్నాం.

ఇట్లు,
మీ పాఠకుడు